పొగగొట్టము - కార్బ్యురేటరు

మోటారు సైకిలు పొగగొట్టము కాలిన వాయువును వెలికి పంపు తూము మాత్రమే యని చిరకాలము తలచుచుండిరి. గొట్టము ఎంత వదులైన బండికి అంత బలమను మాట నేటికిని మన వీథులలో వినవచ్చును. అది సగము మాత్రమే నిజము. తక్కిన సగము తేటపడిన కథ 1950వ దశాబ్దిలో తూర్పు జర్మనీలో జరిగినది.

చోపావ్ పట్టణమందలి ఎం.జెడ్. కర్మాగారమున పందెపు బండ్ల శాఖకు వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు పెద్దగా నుండెను. ఆయన చేపట్టినది టూ స్ట్రోకు యంత్రము. అందు పిస్టను క్రిందికి దిగగనే సిలిండరు గోడలోని ద్వారములు తెఱచుకొనును. కాలిన వాయువు ఒక ద్వారమున వెడలుచుండగనే క్రొత్త మిశ్రమము వేఱొక ద్వారమున ప్రవేశించును. వీథి గుమ్మమున వచ్చిన చుట్టము పెరటి గుమ్మమున పోయినట్లు, వచ్చినదానిలో కొంత వృథాగా జారిపోవును.

నడుమ ఉబ్బి చివర సన్నబడు గొట్టములను డి.కె.డబ్ల్యు. వారి ఎరిక్ వోల్ఫ్ అంతకుముందే వాడియుండెను. కాడెన్ ఆసిలోస్కోపు సాయమున వాని గుట్టు పరిశీలించెను. ద్వారము తెఱచినపుడు బయలుదేరు ఒత్తిడి తరంగము గొట్టము వెడల్పగుచోట చేరగా, పీల్చెడు తరంగ మొకటి వెనుకకు మరలి సిలిండరును ఖాళీ చేయును. ముందుకు సాగిన తరంగము సన్నని కొనను తాకి తిరిగివచ్చి, జారిపోయిన మిశ్రమమును ద్వారము మూతపడకముందే లోనికి నెట్టును. 1961 నాటికి ఎం.జెడ్. వారి 125 సి.సి. యంత్రము 25 అశ్వశక్తుల బలము నిచ్చెను. అనగా లీటరుకు 200! ఆ యేడే సవారి ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడను పందెమునుండి పశ్చిమమునకు తప్పించుకొనిపోయి సుజుకీ వారిని చేరెను. 1962లో వారికి 50 సి.సి. ప్రపంచ విజయము గడించెను. కాడెన్ విద్య ఆయనతో జపానునకు పోయెను.

అయితే ఈ తరంగములు ఒక వేగపు మేరలోనే వేళకు వచ్చును. ఆ మేరలో యంత్రము ఎక్కువ గాలిని మ్రింగును, ఎక్కువ వేడెక్కును. 14.7 వంతుల గాలితో ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండును. కాని నిండు బలమునకు 12, 13 వంతుల గాలియే మేలు. ఆ హెచ్చు పెట్రోలు ఆవిరియగుచు పిస్టనును చల్లబఱచును. పాత గొట్టమునకు అమర్చిన జెట్టు క్రొత్తదానికి చాలకపోవచ్చును. మేర వెలుపలనో, తరంగము వేళ తప్పి గాలిని కార్బ్యురేటరులోనికే త్రోయును. ముందుకును వెనుకకును పోవు ఆ గాలి మఱల మఱల పెట్రోలును గ్రహించి ప్లగ్గును మసిబాఱజేయును. కావున జెట్టు నొక్కదానిని మార్చిన చాలదు, సూదిని గూడ సవరింపవలెను.

నేనెఱిగిన యువకు డొకడు నూఱు సి.సి. బండికి ఇట్టి గొట్టము బిగించి, జెట్టును ముట్టక, హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరెను. చప్పుడు హెచ్చినది, వేగమును హెచ్చినది. సూర్యాపేట దాటకముందే పిస్టను పట్టివేసి వెనుక చక్రము బిగుసుకొనెను. వెనుక లారీ లేకపోవుట అతని పుణ్యము.

అతని బండిని బాగుచేసిన ముసలి మెకానిక్కు మొదట కావలసినదానికంటె పెద్ద జెట్టు వేసెను. నిండు వేగమున నడిపించి, క్లచ్చి పట్టి యంత్రము నాపి, ప్లగ్గు విప్పి చూచెను. నల్లగా నున్నది. ఒక అంకె తగ్గించెను. మఱల నడిపించెను. తెల్లబడినచో ప్రమాదమని అతని కెవరును గ్రంథము చూపి చెప్పలేదు. నాలుగవసారి పింగాణి లేత కాఫీ రంగు దేలగా, చేతులు తుడుచుకొని కూలి యడిగెను.