వంటగదిలో బస్సు పుస్తకం

మే నెల వచ్చిందంటే మా మిద్దె మీద మామిడి ఒరుగులు ఎండుతుంటాయి, మా ఆయన షెడ్డు ముందర బడి బస్సులు ఎండుతుంటాయి. మన రాష్ట్రంలో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది. జూన్‌లో బడి తెరిచేలోగా బ్రేకులు, స్టీరింగు, లైట్లు, తలుపులు అన్నీ సరిచేయించి, రవాణా శాఖకు చూపించి కాగితం తెచ్చుకోవాలి. అనంతపురంలో బయట కాలు పెట్టలేని ఎండల్లోనే మా వాళ్ళకు చేతినిండా పని.

మొన్న ఒక కుర్ర మెకానిక్ ఇంటికొచ్చాడు. "అక్కా, అన్న దగ్గర పాత జపాన్ ఇంజన్ లెక్కలు రాసిన పుస్తకం ఉందంట. ఫోటోలు తీసుకుంటా" అన్నాడు. ఎవరో పాత మినీబస్సు కొని బెంగళూరు రోడ్డు మీద టిఫిన్ బండిగా మార్చుకున్నారట. ఇంజన్ విప్పారు కానీ బిగించడానికి లెక్కలు లేవు.

అటక మీద నుంచి ఆ నోటుబుక్కు దించాను. అట్ట మీద ఒక పక్క ఇంజన్ ఆయిల్ మరక, ఇంకో పక్క నా దోసె పెనం నూనె మరక. లోపల నా చేతిరాత. ఆ పుస్తకం ఎందుకు రాయాల్సి వచ్చిందో ఈసారి రాస్తాను.

అది 2002. దేశమంతా కరువు. మా జిల్లాకు కరువు కొత్త కాదు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే మంచి ఏడాది అనుకునే నేల మాది. ఆ ఏడాది వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనం ఖర్చు కూడా రాలేదు. ఊళ్ళు ఖాళీ చేసి బెంగళూరుకు కూలికి పోయేవాళ్ళు. మా పాప నాలుగో తరగతి చదివే చిన్న ప్రైవేటు బడిలో సగం మంది ఫీజులు కట్టలేదు. ఆ బడికి ఒక్కటే మినీబస్సు, పదకొండేళ్ళ పాతది. చుట్టూ ఉన్న పల్లెల నుంచి ముప్పై మంది పిల్లల్ని తెచ్చేది, అందులో ఎక్కువ మంది ఆడపిల్లలే. బస్సు ఆగితే మగపిల్లలు సైకిలు మీదైనా వస్తారు. ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెడతారు. మా పాప ఫీజు బదులు ఆ బస్సు రిపేర్లు మా ఆయన చూసేవాడు.

ఒకరోజు సాయంత్రం దిగువలో బ్రేకు పెడలు నేల దాకా దిగిపోయింది. డ్రైవరు పెద్దాయన నిబ్బరం గల మనిషి. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని చేని గట్టుకు ఆనించి ఆపాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. మా పాప ఇంటికొచ్చి "బస్సు చేన్లోకి పోయింది మా" అని నవ్వుతా చెప్పింది. నాకు కాళ్ళు వణికాయి.

విప్పి చూస్తే చక్రం సిలిండర్లలో రబ్బరు కప్పులు ఉబ్బి ఉన్నాయి. ఎవరో బ్రేకు ఆయిల్ అయిపోతే వేరే మామూలు నూనె పోశారు. బ్రేకు రబ్బరుకు ఖనిజ నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది, దానికి వేరే ద్రవమే పోయాలి. తప్పు కంపెనీది కాదు. అయితే మా ఆయనను కలవరపెట్టింది ఇంకొకటి. డ్రమ్ములు అరిగి ఉన్నాయి. ఎంత అరిగితే ఇంక పనికిరావో ఆయనకు తెలియదు. అప్పటిదాకా చేత్తో తడిమి, కంటితో చూసి "ఇంకో ఏడాది వస్తుందిలే" అనేవాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఇన్నాళ్ళూ అందాజుగా చేసినా మే. పుస్తకంలో కొలత ఉంటాది. ఆ పుస్తకం యాడుందో!" అన్నాడు. ఉప్పూ కారం నేనూ అందాజుగానే వేస్తాను. కూర చెడితే మజ్జిగ పోసుకుని తింటాం. బ్రేకు అట్లా కాదు కదా.

పుస్తకం కోసం వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, బళ్ళ చరిత్ర తెలియకుండా పుస్తకం దొరకదని.

మన వైపు పెద్ద బస్సులంటే రెండే ఇళ్ళు. ఒకటి 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయిన కంపెనీ. దాని పాత కామెట్ బండి ఇంగ్లండు లేలాండు వాళ్ళ బిడ్డ. రెండోది టాటా. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్ వాళ్ళతో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ పొత్తు 15 ఏళ్ళు నడిచి 1969లో ముగిసింది. ఈ రెండు రకాలూ లక్షల్లో తిరిగాయి కాబట్టి పుస్తకం లేకపోయినా మనుషులే పుస్తకాలు. ఆర్టీసీ డిపోలో రిటైరైన ఏ మెకానిక్‌నైనా నిద్రలో లేపి ఆరు సిలిండర్ల ఇంజన్ ఏ వరుసలో కాలుతుందని అడిగితే "1-5-3-6-2-4" అని చెప్పి మళ్ళీ పడుకుంటాడు.

మా బడి బస్సు ఆ రెండు ఇళ్ళదీ కాదు. 1980లలో జపాన్ సాయంతో మన దేశంలో చిన్న లారీలు, మినీబస్సులు వచ్చాయి. నాలుగు జంటలు. ఢిల్లీ దగ్గర సూరజ్‌పూర్‌లో డీసీఎం-టొయోటా, పంజాబులో స్వరాజ్-మజ్దా, ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో ఐషర్-మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఆల్విన్-నిస్సాన్. ఆల్విన్ అంటే మనకు ఫ్రిజ్‌లు, వాచీలు గుర్తొస్తాయి కానీ, 1942లో హైదరాబాదులో పుట్టిన ఆ కంపెనీ బస్సుల బాడీలు కూడా కట్టింది. సన్న రోడ్లకు సరిపోయే ఈ చిన్న బళ్ళు బడులకు బాగా నచ్చాయి.

కానీ ఈ జంటలు ఎక్కువ కాలం అట్లాగే ఉండలేదు. జహీరాబాద్ ఫ్యాక్టరీ 1980ల చివరలో మహీంద్రా చేతికి వెళ్ళింది. డీసీఎం-టొయోటా తర్వాత డేవూ అయింది. స్వరాజ్ మజ్దా 2011లో ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. ఐషర్ 2008లో వోల్వోతో కలిసింది. ఇంటి పేరు మారిన కూతురి చిరునామా వెతికినట్టు ఉంటుంది ఈ బళ్ళ పుస్తకాల కోసం వెతకడం. మా బస్సు ఈ నాలుగింటిలో ఒకటి. ఏదో చెప్పను, ఇప్పుడది ముఖ్యం కాదు.

పుస్తకం అంటే ఒకటి కాదని కూడా అప్పుడే తెలిసింది. బండితో పాటు యజమానికి ఇచ్చే చిన్న పుస్తకం ఒకటి. ఆయిల్ ఎప్పుడు మార్చాలి, టైర్లలో గాలి ఎంత అన్నంత వరకే అందులో ఉంటుంది. రెండోది విడిభాగాల క్యాటలాగు. అందులో ప్రతి ముక్కనూ విప్పి పరిచినట్టు బొమ్మలు, నంబర్లు. మూడోది వర్క్‌షాప్ మాన్యువల్. సందులు ఎంత, బోల్టు ఎంత బలంతో బిగించాలి, ఏది ఎంత అరిగితే పారేయాలి అన్నవి ఇందులోనే. మొదటిది బడి బీరువాలో దొరికింది. మిగతా రెండూ డీలర్లకు మాత్రమే ఇచ్చేవారు. బెంగళూరులో ఒక డీలరుకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మా ఆయన రెండుసార్లు బెంగళూరు జేసీ రోడ్డుకు పోయి స్పేర్ పార్టుల అంగళ్ళన్నీ అడిగి వచ్చాడు. ఒక ముసలి వ్యాపారి దగ్గర క్యాటలాగు జిరాక్సు దొరికింది.

ఆ వ్యాపారే ఒక మంచిమాట చెప్పాడట. "బస్సు పేరు పట్టుకుని తిరగొద్దు. ఇంజన్ దిమ్మె మీద కొట్టిన నంబరు చూడు. ఆ ఇంజన్ ప్రపంచంలో ఇంకా ఏ బండిలో ఉందో వెతుకు." ఇది ఇప్పటికీ పనికొచ్చే మాట. పాత బండి ఒక కంపెనీది కాదు, నాలుగైదు కంపెనీల కూడలి. డీజిల్ పంపు మీద ఒక చిన్న రేకు ఉంటుంది. దాని నంబరు తీసుకుని పంపులు సరిచేసే షాపుకు పోతే, ఎన్ని తిప్పులకు ఎంత డీజిల్ పోయాలో వాళ్ళ పట్టికల్లో ఉంటుంది. 1951లో మొదలైన మైకో, అంటే ఇప్పటి బాష్, పంపులను మా వైపు మెకానిక్కులు అట్లాగే సరిచేయించుకున్నారు.

బేరింగులైతే ఇంకా సులువు. వాటి నంబర్లు ప్రపంచమంతా ఒకటే. 6205 అని ఉంటే చివరి రెండంకెలు 05ను 5తో గుణించండి. 25 మిల్లీమీటర్లు, అది లోపలి రంధ్రం. బయటి కొలత 52, మందం 15. చివరి అంకెలు 04, ఆ పైన ఉంటే ఈ లెక్క పనిచేస్తుంది. ఇది తెలిసిన రోజు నేను ఇంట్లో ఉన్న మోటార్ల బేరింగులన్నీ చదివాను.

పుస్తకమే లేని భాగం కూడా ఒకటుంది, అది బాడీ. మన దేశంలో చాలా బస్సులకు కంపెనీ ఇచ్చేది ఛాసిస్ మాత్రమే. పైన ఇల్లు కట్టేది వేరేవాళ్ళు. తమిళనాడులో కరూరు దీనికి పేరు మోసిన ఊరు. అమెరికాలో పసుపు రంగు బడి బస్సులు కూడా ఒకప్పుడు చాలావరకు ఇట్లాగే, కింద ఒకరిది పైన ఒకరిది. లైట్ల వైర్లు, తలుపు, వైపరు ఎట్లా కలిపారో కట్టిన మేస్త్రీకే తెలుసు. మా ఆయన ఆ బస్సు వైర్లన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుని పోయి, పాప డ్రాయింగు పుస్తకంలో రంగు పెన్సిళ్ళతో గీసుకున్నాడు. పాప రంగులు పోయాయని ఏడ్చింది.

వర్క్‌షాప్ మాన్యువల్ మాత్రం కువైట్ నుంచి వచ్చింది. కదిరి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. మా పెద్దమ్మ కొడుకు అక్కడ డ్రైవరు. ఫోనులో ఇంజన్ నంబరు ఒక్కో అక్షరం చెప్పి రాసుకోమన్నాం. అదే ఇంజన్ ఉన్న చిన్న లారీలు అక్కడ బోలెడు. ఒక గ్యారేజీలో మన మలయాళీ మెకానిక్ దగ్గర పుస్తకం ఉంది. సెలవుకు వచ్చినప్పుడు అన్నయ్య ఖర్జూరాల డబ్బా కింద రెండు వందల జిరాక్సు కాగితాలు పెట్టుకొచ్చాడు.

అంతా ఇంగ్లీషు. మా ఆయన పదో తరగతి. నేను ఇంటర్ చదివి పెళ్ళితో ఆపినదాన్ని. రాత్రి గిన్నెలు కడిగాక పొయ్యి గట్టు మీద డిక్షనరీ పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను చదివితే, ఆయన "ఓ, అదా" అని షెడ్డులో వాడే మాట చెప్పేవాడు. నేను రాసేదాన్ని. పుస్తకంలో మిల్లీమీటర్లు, షెడ్డులో థౌలు. 0.35 మిల్లీమీటర్లంటే దాదాపు 14 థౌలు. రెండూ పక్కపక్కన రాశాను. మూడు నెలలు పట్టింది. కొన్ని రాత్రులు రెండు గంటలయ్యేది.

కొన్ని మన ఊరికి తగినట్టు మార్చి రాశాం. మా దుమ్ములో ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో చెప్పిన దానికి సగం దూరానికే శుభ్రం చేయాలి. మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, గిన్నెల అడుగున పేరుకున్నట్టే రేడియేటరులోనూ పేరుకుంటాయి. అందుకని వాన పడినప్పుడల్లా మిద్దె నీళ్ళు డ్రమ్ములో పట్టి మూత పెట్టేదాన్ని. తాగడానికి ట్యాంకరు కోసం నిలబడిన ఏడాదిలో, బస్సుకు వాన నీళ్ళు దాచానని మా అత్తగారు నన్ను ఒక మాట కూడా అనలేదు. ఆ బస్సులో మనవరాలు పోతుంది కదా.

డ్రమ్ములు కొలిస్తే రెండు హద్దు దాటాయి. మార్చారు. జూన్‌లో బస్సు కదిలింది.

పుస్తకం ఇవ్వకపోవడం ఒక్క మా కథ కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది ఆరోపణ. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. అది కార్ల సంగతే గానీ, పేపర్లో చదివి మా ఆయన ఆ ముక్క కత్తిరించి షెడ్డులో అంటించాడు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ పెట్టింది. అందులో బళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు నేర్చుకునే పిల్లలకు చెన్నైలోని నిమి సంస్థ ఐటీఐ మెకానిక్ డీజిల్ పుస్తకాలు అచ్చు వేస్తుంది. పునాది దానితో వేసుకుని, ఇంజన్ నంబరుతో వెతికితే పాత జపాన్ మాన్యువళ్ళు ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతాయి. ఇంగ్లండులో లేలాండు ఊళ్ళోని మ్యూజియం పాత లేలాండు కాగితాలు భద్రం చేసింది.

మన దగ్గర బడి బస్సుకు పదిహేనేళ్ళు దాటకూడదన్న నిబంధన ఉంది. అది మంచిదే, తల్లిగా నేను అదే కోరుకుంటాను. మా బస్సు ఎప్పుడో తుక్కు కింద పోయింది. 2020 నుంచి వచ్చే బీఎస్-6 బస్సుల్లో కంప్యూటర్లు ఉన్నాయి. వాటికి పుస్తకం చాలదు, స్కానరు కావాలి. ఆ స్కానరు చెప్పే మాటలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే ఇప్పటి పేచీ.

కుర్రాడు ఫోటోలు తీసుకుంటుంటే ఒక పేజీ దగ్గర ఆగాడు. "అక్కా, ఈడ ఏది కరెక్టు?" నేను పెన్నుతో 41 థౌలు అని రాశాను. దాన్ని పెన్సిలుతో సన్నగా కొట్టేసి 14 అని ఉంది. అంకెలు తారుమారు చేశాను. ఇరవై ఏళ్ళకు పైగా నాకు తెలియనే తెలియదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు అడిగాను. "నాకు చెప్పలేదేం?"

"రెండు గంటల రాత్రి రాసినావులే," అన్నాడు. "గేజు పెట్టి చూస్తే తేడా తెలిసింది. పుస్తకం చూసి దిద్దినా."

కుర్రాడికి ఫోను చేసి, పెన్సిలుతో రాసిందే తీసుకోమని, అయినా గేజు పెట్టి చూసుకోమని చెప్పాను.