బోర్డు మీది కుంచె రాత

తెలుగు ఊళ్ల బజార్లలో కిరాణా కొట్టుకూ టైలరు షాపుకూ మెస్సుకూ చాలాకాలం పేరు రాసింది సైన్‌బోర్డు పెయింటరే. కొయ్య ఫ్రేముకు రేకు బిగించి, ప్రైమరు పట్టించి, ఎనామెల్ రంగు వేసి, ఆరాక సుద్దతో గీతలు కొట్టుకునేవాడు. అక్షరం ముందు సుద్దతో, ఆ తర్వాత కుంచెతో. ఆఖరున ఒక పక్కగా నీడ. కింది మూలన చిన్నగా తన పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అన్న మాట. ఎంతోమంది చిత్రకారులకు మిగిలిన సంతకం అదొక్కటే.

తెలుగు రాయడంలో అసలు చిక్కు స్థలంతోనే. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగిపోతాయి. తెలుగుకు పైన తలకట్టు, గుడి, కింద ఒత్తులు. ‘లక్ష్మీ’ పేరు లేని బజారు అరుదు. అందులో ‘క’కు ష వత్తు, మ వత్తు, పైన గుడిదీర్ఘం. కింద జాగా చూసుకోకపోతే ఒత్తులు రెండో వరుసలోని ఊరి పేరు మీద పడతాయి. అందుకని ఒకరు ఒత్తును పక్కకు లాగేవారు, ఒకరు అక్షరాన్నే కుదించేవారు. ఈ సర్దుబాట్లలోనే ఒక్కో పెయింటరుకు ఒక్కో దస్తూరీ ఏర్పడింది. పత్రికలకూ సినిమా టైటిళ్లకూ బాపు (1933–2014) రాసిన అక్షరాల ఒంపు చాలా బోర్డుల మీదికీ ఎక్కింది.

హైదరాబాదులో కథ వేరు. 1948కి ముందు అక్కడ అధికార భాష ఉర్దూ. కుడి నుంచి ఎడమకు జారే ఉర్దూ నస్తాలిఖ్ రాత, ఎడమ నుంచి కుడికి నడిచే తెలుగు ఒకే రేకు మీద కుదరాలి. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లో వచ్చింది. పాతబస్తీ బోర్డుల మీద రెండు లిపులూ నేటికీ పక్కపక్కనే కనిపిస్తాయి.

2000 తర్వాతి సంవత్సరాల్లో ఫ్లెక్సీ వచ్చింది. గంటలో అచ్చయ్యే గుడ్డ ముందు రోజుల తరబడి ఆరే రంగు నిలవలేకపోయింది. కంప్యూటరులో ఉన్న కొద్దిపాటి ఫాంట్లే అన్ని ఊళ్లకూ చేరడంతో ఏ బజారు బోర్డు చూసినా ఒకే రాత. ఇది చిన్న నష్టం కాదు. ఈ నష్టాన్ని గుర్తించినవారిలో హనీఫ్ ఖురేషీ ఒకరు. ఉత్తరాది వీధి పెయింటర్ల అక్షరాలను సేకరించి, వారి పేర్లతోనే డిజిటల్ ఫాంట్లుగా మలిచారు; 2024లో మరణించారు.

మిగిలిన బోర్డులను ఫొటో తీసేటప్పుడు పేరు ఒక్కటే చాలదు. అంచులు, కింది వరుస, మూలనున్న సంతకం కూడా రావాలి. కాలాన్ని చెప్పేవి అవే. తెలంగాణ ఊళ్లో బోర్డు మీద ‘ఆం.ప్ర.’ అని ఉంటే అది సాధారణంగా తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2కు ముందుది. ‘జగిత్యాల, కరీంనగర్ జిల్లా’ అంటే 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల విభజనకు ముందుది. ‘ఏలూరు, ప.గో. జిల్లా’ అని రాసినది ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కు ముందుది. ‘ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ.’ అన్న అక్షరాలు సెల్‌ఫోన్లు ఇంటింటికీ రాని రోజులవి. కొన్ని బోర్డులకు రంగు పెచ్చులూడిన చోట, కింది పొరలో, అంతకుముందున్న కొట్టు పేరు తొంగిచూస్తుంది.