383 అక్షరాలు పోయిన వరి

“జన్యువులో మార్పు వస్తే ఉన్న సమాచారం చెడిపోతుందే గానీ కొత్తది పుట్టదు. అలాంటప్పుడు పరిణామం ఎలా జరుగుతుంది?” ఎప్పటి నుంచో వినిపిస్తున్న ప్రశ్న ఇది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లు జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద పండి మిర్యాలగూడ మిల్లుకు చేరే సన్న వడ్లలోనే ఆధారాలున్నాయి.

మొదటి ఆధారం కాండం. పాత పొడుగు రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే, వెన్ను బరువెక్కగానే చేను పడిపోయేది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, మన సాంబ మసూరి, పొట్టిది. ఆ పొట్టితనం తైచుంగ్ నేటివ్-1 ద్వారా, తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ వరి నుంచి వచ్చింది. 1962లో ఫిలిప్పీన్స్‌లో ఆ తైవాన్ వరిని పొడుగు రకం ‘పేటా’తో సంకరం చేస్తే మొదటి తరమంతా పొడుగే. రెండో తరంలో నాలుగో వంతు పొట్టివి. అంటే ఇది ఒక్క జన్యువు చేసిన పని. ఐఆర్-8 వరి రకం పుట్టింది ఆ సంకరం నుంచే.

రెండో ఆధారం హార్మోన్. పొట్టి మొక్క మీద జిబ్బరెల్లిన్ చల్లితే అది పొడుగు సాగుతుంది. కాబట్టి లోటు హార్మోన్ తయారీలోనే ఉంది. 2002లో అసలు చోటు దొరికింది: ఆ తయారీకి కావలసిన ఎంజైమ్ జన్యువులో 383 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయి. ఇంతవరకు “పోవడమే” అన్నవాళ్ల మాట నిజమే.

మరి హార్మోన్ తగ్గితే వెన్ను కూడా గిడసబారాలి కదా? అలా జరగలేదు. ఇది మూడో ఆధారం. అదే పని చేసే మరో జన్యువు పూతలో పనిచేస్తోంది. అందుకే కాండం కురచైనా గింజ నిండింది. యూరియా పడని రోజుల్లో అక్కరకు రాని పొట్టితనమే యూరియా పడ్డ చేలో వరమైంది. అక్షరాలు ఎన్ని పోయాయో లెక్కపెడితే ఈ లాభం కనపడదు.

నాలుగో ఆధారం ఎండాకు తెగులు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చిన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. వాటిలో ఎక్స్‌ఏ-5 ఒకటి. అందులో అక్షరాలేవీ పోలేదు, మారాయంతే. ప్రొటీన్‌లో 39వ చోట వేలిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరింది. తెగులు బ్యాక్టీరియా ఆ ప్రొటీన్‌ను పట్టుకుని, మొక్క జన్యువులను తనకు అనుకూలంగా నడిపించుకుంటుంది. అది మారాక ఆ పట్టు చిక్కదు. మొక్క సొంత పని మాత్రం ఆగలేదు.

సమాచారం పెరిగిన దాఖలా కావాలంటే ఐదో ఆధారం స్వర్ణ. మారుటేరులో పుట్టిన ఈ రకం రోజుల తరబడి నీట మునిగితే నిలవదు. నీళ్లలో పైకి సాగే ప్రయత్నంలోనే దాని శక్తి అయిపోతుంది. ఒడిశా రైతుల వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్-13ఎ మాత్రం రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. దానికి కారణమైన సబ్-1ఎ జన్యువును 2006లో గుర్తించారు. పక్కనే ఉన్న సబ్-1బితో దానికి దగ్గరి పోలిక ఉంది. సబ్-1బి అన్ని వరుల్లోనూ ఉంది, సబ్-1ఎ కొన్నిటిలోనే ఉంది. ఈ రెండు విషయాలూ కలిపి చూసి శాస్త్రవేత్తలు తేల్చింది ఇదీ: పాత జన్యువుకు నకలు పడింది, ఆ నకలు కాలక్రమంలో మారింది. పాతది తన చోట తాను ఉంది. కొత్తది మునకలో ఎదుగుదలను ఆపి శక్తిని దాస్తుంది. అంతకుముందు లేని పని ఇప్పుడు వచ్చింది.

ఎంపిక మనిషిదే కదా అంటారేమో. ఎంచుకున్నది మనిషే, కానీ ఈ మార్పులను ఎవరూ రాసి పెట్టలేదు. మార్పుకు ముందుచూపు ఉండదు. ఏది నిలవాలో నీరు, తెగులు, చేను తేలుస్తాయి. రేపు ఏ చేనుకు ఏ మార్పు అక్కరకొస్తుందో ఈరోజు చెప్పలేం గనుక, దిగుబడి తక్కువని పాత విత్తనాన్ని పారేయకూడదు. ఎఫ్‌ఆర్-13ఎను అలా వదిలేసి ఉంటే, 2009లో మునకను తట్టుకునే స్వర్ణ సబ్-1 రైతు చేతికి వచ్చేది కాదు.