పరవానా

చిన్న వ్యాపారి చేతిలో ఉండే అనుమతి పత్రానికి పాత పేరు పరవానా. ఇది ఫారసీ మాట. పాలకుడి ఆజ్ఞాపత్రమనీ అర్థం ఉంది. 1880ల దాకా నిజాం కచేరీల్లో ఫారసీయే రాజభాష, తర్వాత ఉర్దూ. ఉర్దూలో దీపం చుట్టూ తిరిగే పురుగు కూడా పర్వానాయే.

‘అనుమతి ఉండటం’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి పుట్టిన లైసెన్సు ఇప్పుడు పరవానా చోటు తీసుకుంది. పరవానా మరుగున పడటం తెలుగుకు నష్టమే. హైదరాబాద్‌లోని ఆబిడ్స్, నాంపల్లి దుకాణాల్లో గల్లాపెట్టె వెనక, దేవుడి పటం పక్కన ఫ్రేము కట్టిన ట్రేడ్ లైసెన్సు కనిపిస్తుంది. దాన్ని గడువు తీరకముందే రెన్యువల్ చేయించాలి; తిండి అమ్మేవారికి 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు వేరే. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే నగరపాలక సంస్థను మాత్రం హైదరాబాదీలు ఇప్పటికీ బల్దియా అనే అంటారు. ఆ మాటకు మూలమైన బలద్ అంటే అరబ్బీలో ఊరు.