ఇంటి రౌటర్‌కు దారి ఎంచుకునే వీలు ఎలా వచ్చింది?

సాధారణ రౌటర్ ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలో చూసి దారి నిర్ణయిస్తుందని గత భాగంలో తెలుసుకున్నారు. ఆ ప్యాకెట్‌ను ఎవరు పంపారో అది పట్టించుకోదు. మరి ఇంట్లో కుటుంబానికి ఒక నెట్‌వర్క్, అతిథులకు ఒకటి, సీసీ కెమెరాలకు ఒకటి పెట్టుకున్నారనుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రమే వీపీఎన్ గుండా వెళ్లాలి, మిగిలినవన్నీ నేరుగా వెళ్లాలి. అప్పుడు పంపినవారిని బట్టి కూడా దారి ఎంచాలి. దీనినే విధాన ఆధారిత రౌటింగ్ అంటారు. ఇది ఇళ్ల కోసం పుట్టింది కాదు.

1980ల చివర అమెరికాలో ప్రభుత్వ నిధులతో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ నడిచేది. అది పరిశోధనకు, విద్యకు ఉద్దేశించినది. వ్యాపార సమాచారాన్ని దాని మీదుగా పంపకూడదు. అలాంటి నిబంధన ఉన్నచోట గమ్యం ఒక్కటే తెలిస్తే చాలదు. 1989 జూన్‌లో హాన్స్-వెర్నర్ బ్రౌన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1104 ఈ విధాన ఆధారిత రౌటింగ్ నమూనాలనే చర్చించింది. అంటే మొదట ఇది ఎవరి డబ్బుతో వేసిన దారిని ఎవరు వాడుకోవచ్చన్న తగవు. సాంకేతిక పరిష్కారం ఆ తర్వాతి మాట.

1998లో 802.1క్యూ ప్రమాణం వచ్చింది. ఫ్రేమ్‌కు 4 బైట్ల గుర్తు తగిలించి, ఒకే తీగ మీద అనేక నెట్‌వర్కులను విడివిడిగా నడపడం దాని పద్ధతి. 1999 జనవరిలో వెలువడిన లినక్స్ 2.2 కెర్నెల్‌లో ఒకటికి మించి రౌటింగ్ పట్టికలు, వాటిలో ఏది చూడాలో చెప్పే నియమాలు ఉన్నాయి. “192.168.2.0/24 నుంచి వచ్చినవాటికి 100వ పట్టిక చూడు” అన్న తరహా నియమం అప్పటి నుంచే సాధ్యం.

ఇవి ఇంటికి చేరింది మాత్రం ఒక లైసెన్సు వివాదం వల్ల. లింక్‌సిస్ సంస్థ 2002 డిసెంబరులో డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌ను విడుదల చేసింది. లోపల నడిచేది లినక్సేనని 2003లో డెవలపర్లు గుర్తించారు. జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్సు కోడ్ ఇవ్వాలని అడిగారు, కంపెనీ ఇచ్చింది. దాని ఆధారంగా 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఆ రౌటర్ రెండో వెర్షన్‌లో ఇంకో విశేషం ఉంది. వెనుక ఇంటి పోర్టులు, ఇంటర్నెట్ పోర్టు వేర్వేరుగా కనిపించినా లోపల ఉన్నది ఒకటే స్విచ్. దానిని వీల్యాన్‌లతో రెండుగా విడగొట్టారు. రెండుగా విడగొట్టగలిగినదాన్ని మూడుగా చేయడానికి కొత్త సామగ్రి అక్కర్లేదు, సెట్టింగు మార్చే స్వేచ్ఛ ఉంటే చాలు.

ఆ స్వేచ్ఛ కూడా నిలకడగా సాగలేదు. 2005లో వచ్చిన ఐదో వెర్షన్‌లో లినక్స్‌ను తీసేసి, ఫ్లాష్ మెమరీని 4 నుంచి 2 మెగాబైట్లకు తగ్గించారు. లినక్స్ కావాలనుకునేవారి కోసం పాత సామగ్రినే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో వేరుగా అమ్మారు.

అభ్యాసం చేసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 100వ పట్టికలో వీపీఎన్ దారి ఒక్కటే రాస్తే, ల్యాప్‌టాప్‌కు ఇంట్లోని వేరే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్ అందదు. ఆ ప్యాకెట్ కూడా వీపీఎన్‌లోకే పోతుంది. కాబట్టి ఇంటి నెట్‌వర్కుల దారులను కూడా ఆ పట్టికలో చేర్చి, మళ్లీ ప్రింట్ ఇచ్చి చూడండి.