రెండు దినముల అధ్యక్షుడు

హోసే ఇగ్నాసియో పావోన్ మెక్సికో దేశమునకు రెండు దినములు మాత్రమే అధ్యక్షుడుగా నుండెను. అదియును దేశమంతయు నంగీకరించిన అధ్యక్షత కాదు. అయినను ఆ రెండు దినములను గూర్చి మనము తలపోయుటకు తగిన కారణ మున్నది.

1857లో మెక్సికోలో నూతన రాజ్యాంగము వెలువడెను. చర్చికిని సైన్యమునకును గల ప్రత్యేకాధికారములను అది తగ్గించెను. దానిని రద్దుచేయ నెంచి జనరల్ జులోగా ఆ డిసెంబరులో తిరుగుబాటు చేసి, మరుసటి నెలలో రాజధానిలో అధ్యక్షు డయ్యెను. కాని రాజ్యాంగము ననుసరించి అధ్యక్షపదవి ఖాళీయైనచో సర్వోన్నత న్యాయస్థానాధ్యక్షుడు దానిని వహింపవలెను. ఆ స్థానమున నున్న బెనితో హువారెస్ తానే అధ్యక్షుడనని ప్రకటించి, తుదకు వెరాక్రూజ్ రేవుపట్టణమున ప్రభుత్వమును నెలకొల్పెను. ఇట్లు ఒకే దేశమున ఇరువురు అధ్యక్షు లైరి.

1859లో రాజధాని పక్షమువారు జులోగాకు బదులుగా మిగుయెల్ మిరామోన్ అను సేనానిని పదవియందు నిలిపిరి. అప్పటి కతనికి ముప్పది యేండ్లు నిండలేదు. అతడు యుద్ధమున నేర్పరి. బొక్కసము మాత్రము వట్టిది. రేవు సుంకములు హువారెస్‌కు చేరుచుండెను. మిరామోన్ రెండుమారులు వెరాక్రూజ్‌పై దండెత్తియు దానిని గెలువలేకపోయెను. పది లక్షల పెసోలకైన చాలని రొక్కమునకై, కోటి యేబది లక్షల పెసోల ఋణపత్రములను జెకర్ అను వ్యాపారి కిచ్చెను.

1860 ఆగస్టు 10న సిలావోలో అతడు ఓడెను. అంతకు ముందే జులోగా అతని నిర్బంధమునుండి తప్పించుకొని పోయెను. ఎవరికి బదులుగా తాను పాలించుచుండెనో ఆతడే లేకుండుటచే మిరామోన్ అధికారమునకు ఆధారము సడలెను. 13వ తేదీన అతడు పదవి విడువగా, రాజధానిలోని న్యాయస్థానాధ్యక్షుడైన పావోన్ దానిని స్వీకరించెను. 15వ తేదీన ప్రతినిధులసభ యొకటి మిరామోన్‌నే మరల ఎన్నుకొనెను.

ఏ సూత్రముపై హువారెస్ తన హక్కును నిలిపెనో, దానిని కాదని రెండున్నర యేండ్లు పోరాడినవారే తమ చిక్కు తీర్చుకొనుటకు అదే సూత్రము నాశ్రయించిరి!

డిసెంబరు 22న కల్పులాల్పాన్ వద్ద మిరామోన్ సైన్యము చెదరిపోయెను. 1861 జనవరిలో హువారెస్ రాజధాని ప్రవేశించెను. జెకర్ పత్రములు ఫ్రెంచివారి దండయాత్ర కొక సాకైనవి. వారు నిలిపిన చక్రవర్తి మాక్సిమిలియన్‌తోపాటు 1867 జూన్ 19న మిరామోన్ తుపాకి గుండ్లకు బలియయ్యెను.

రాజభవనమున గూర్చున్నంత మాత్రమున పాలనకు హక్కు కలుగదు. పావోన్ రెండు దినముల అధ్యక్షత వలన మనము గ్రహింపదగిన దిదియే.