గడప దాటొద్దన్నవాళ్లు గడప దగ్గరికి ఏం తెచ్చారు?

ఈసారి పోస్టు పురుగుమందుల గురించీ కాదు, ధరల గురించీ కాదు. కొంచెం పెద్దదే. పొద్దుగూకాక గొడ్లకు మేత వేసి కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

కరోనా కాలంలో మనందరం విన్న మాట ఒకటుంది. "పెద్దవయసు వాళ్లు బయటికి రావద్దు, షుగరు బీపీ ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండండి" అని. టీవీలో చెప్పారు, ఆటోకి మైకు కట్టి చెప్పారు, ఎవరికి ఫోన్ చేసినా ముందు కరోనా జాగ్రత్తలే వినిపించేవి. ఆ మాట తప్పని నేను అనను. కానీ అదే మాట చాలా దేశాల్లో చెప్పారు, అన్నిచోట్లా ఒకేలాగా పనిచెయ్యలేదు. ఎక్కడ ఏం జరిగిందో తెలుసుకుంటే, రేపు ఇంకో జబ్బు వచ్చినప్పుడు మన ఇళ్లల్లో పెద్దోళ్లను ఎట్లా కాపాడుకోవాలో మనకే అర్థమవుతుంది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నా.

ముందు ఒక తేడా గమనించండి. జబ్బు వచ్చినవాణ్ణి విడిగా పెట్టడం మన పెద్దలకు తెలుసు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. అది చూసి బయటివాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు కాదు. 2020లో అడిగింది అది కాదు. ఏ జబ్బూ లేని మనిషిని, జబ్బు వస్తే తట్టుకోలేడని ముందుగానే లోపల ఉండమన్నారు. కేరళ వాళ్లు దీనికి రివర్స్ క్వారంటైన్ అని పేరు పెట్టారు.

ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. బాలింతనీ పసిగుడ్డునీ కొన్నాళ్లు ఒక గదిలో ఉంచి, ఎవర్నిబడితే వాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. పేరుకి అది పురిటి మైల. కానీ ఆ గదిలో ఉన్న తల్లికి వేళకి పథ్యం వండిపెట్టడానికి, నీళ్లు కాచిపొయ్యడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఆ మనిషి లేకపోతే ఆ గది జైలే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని కింద చదవండి.

ఇప్పుడు 350 ఏళ్లు వెనక్కి, ఇంగ్లండు వెళ్దాం. డెర్బీషైర్ అనే జిల్లాలో ఈమ్ అని ఒక పల్లె ఉంది. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఆ ఊరికి ప్లేగు వచ్చిందని చెబుతారు. 1666 వేసవిలో ఆ ఊరి చర్చి పెద్ద విలియం మాంపెస్సన్, అంతకుముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లను ఒప్పించారు. మనం పొలిమేర దాటొద్దు, పక్క ఊళ్లకు జబ్బు అంటించొద్దు అని. ఊరు ఒప్పుకుంది. సుమారు 260 మంది చనిపోయారు.

ఈ త్యాగం కథ అందరూ చెబుతారు. మనం చూడాల్సింది రెండో సగం. ఆ ఊరివాళ్లు అన్నాళ్లు ఏం తిన్నారు? ఆ ప్రాంతపు జమీందారు, డెవన్‌షైర్ ఎర్ల్, సరుకులు పంపే ఏర్పాటు చేశాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు తిండి తెచ్చి పొలిమేర దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు. పొలిమేర రాయికి గుంటలు తొలిచి, వాటిలో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవాళ్లు. ఆ రాయి ఇప్పటికీ ఉంది. లోపల ఉండమన్న మాట నిలబడింది అంటే, బయటి నుంచి మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టే.

ఇక ఎవర్ని కాపాడాలి అన్నది అన్ని జబ్బులకూ ఒకటి కాదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1911 జనాభా లెక్కల్లో 25.2 కోట్లున్న మనం 1921కి 25.1 కోట్లకు తగ్గాం. మన లెక్కల్లో జనాభా తగ్గిన పదేళ్లు అవొక్కటే. ఆ జ్వరం 20 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లను, అంటే అరక దున్నేవాళ్లను, పసిబిడ్డల తల్లులను ఎక్కువ పట్టుకుపోయింది. ముసలాళ్ళు మిగిలి, కొడుకులు పోయిన ఇళ్లున్నాయి.

కరోనా తిరగబడి వచ్చింది. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. 2020లో కరోనాతో పోయినవాళ్లలో మాత్రం సగానికి పైగా వాళ్లే. అందుకే అన్ని ప్రభుత్వాల చూపూ పెద్దవాళ్ల మీద పడింది.

ఇంగ్లండు ఏం చేసిందో చూడండి. 2020 మార్చి 16న 70 దాటినవాళ్లు, గర్భిణులు, కొన్ని జబ్బులున్నవాళ్లు నలుగురిలోకి వెళ్లొద్దని వాళ్ల ప్రధాని బోరిస్ జాన్సన్ చెప్పాడు. మార్చి 22న ఇంకో అడుగు వేశారు. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, అవయవం మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు సుమారు 15 లక్షల మంది ఉంటారని లెక్కేసి, 12 వారాలు గడప దాటొద్దని ఉత్తరాలు పంపారు. మే నెలకి ఆ జాబితా 22 లక్షలయింది.

ఉత్తరంతో ఊరుకోలేదు. అడిగినవాళ్లకు వారానికోసారి తిండి సామాను డబ్బా గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. 5 లక్షల మందికి, మొత్తం 47 లక్షల డబ్బాలు. మందులు ఇంటికే అందించారు. లోపాలు లేకపోలేదు. జాబితా తయారుకావడానికే వారాలు పట్టింది, ఫోన్ నంబర్లు సరిగా లేక లక్షల మందిని పలకరించలేకపోయారు. అంత పెద్ద ప్రభుత్వానికే తమ దేశంలో బలహీనులెవరో చేతిలో పేర్లు లేవు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకో దారిలో జరిగింది. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ చెయ్యాలని మార్చి 17 నుంచి ఏప్రిల్ 15 లోపు సుమారు 25,000 మందిని వృద్ధుల సంరక్షణ ఇళ్లకు పంపేశారు. అప్పటికి వాళ్లందరికీ కరోనా పరీక్ష చెయ్యలేదు. ముందు తలుపు మూసి గొళ్లెం పెట్టి, దొడ్డి తలుపు తీసినట్టయింది. జబ్బు పైకి కనపడనివాళ్ల నుంచి కూడా అంటుకుంటుందన్న ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు తీర్పు ఇచ్చింది.

స్వీడన్‌లో అయితే లాక్‌డౌన్ పెట్టకుండా, 70 దాటినవాళ్లను మాత్రం జాగ్రత్తగా ఉండమన్నారు. అయినా సంరక్షణ ఇళ్లల్లో జబ్బు దూరింది. 2020 డిసెంబరులో వాళ్ల సొంత విచారణ కమిషనే పెద్దవాళ్లను కాపాడటంలో విఫలమయ్యామని రాసింది. అక్కడ చూసుకునే పనివాళ్లలో చాలామంది గంటల లెక్కన కూలికి వచ్చేవాళ్లు. మనకు తెలియని సంగతా ఇది? పనికి రాకపోతే కూలి లేదు అన్నప్పుడు, ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరు ఇంట్లో కూర్చుంటారు? ముసలివాళ్లను లోపల పెడితే సరిపోదు, వాళ్లను చూసుకునే మనిషి కడుపు సంగతి కూడా చూడాలి.

టర్కీ దేశం అడగలేదు, ఆజ్ఞే వేసింది. 2020 మార్చి 21న 65 దాటినవాళ్లు వీధిలోకి రాకూడదన్నారు. మళ్లీ వాళ్లు గాలి పీల్చుకోవడానికి బయటికి వచ్చింది మే 10న, అదీ నాలుగు గంటలపాటు. కానీ ఆజ్ఞతో పాటు వెఫా అనే సాయం బృందాలను పెట్టి సరుకులు, మందులు, పెన్షను ఇళ్లకు పంపారు.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌లో ఏప్రిల్‌లో ఇంకో పద్ధతి పెట్టబోయారు. 70 దాటినవాళ్లు బయటికి రావాలంటే ముందు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలట. పెద్దవాళ్లకు కోపం వచ్చింది. మేమేమన్నా చిన్నపిల్లలమా అని గొడవ చేశారు, కోర్టుకెళ్లారు. వయసును బట్టి హక్కు తీసెయ్యడం రాజ్యాంగానికి విరుద్ధమని జడ్జి కొట్టేశాడు. వయసైన మనిషికి ప్రాణంతో పాటు మర్యాద కూడా కావాలి. మన ఊళ్లల్లో ఇది ఇంకా జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. ఎందుకంటే దూరం పెట్టడం అనేది మన దగ్గర కులం పేరుతో తరాల పాటు చేసిన పాపం. గ్లాసు విడిగా పెడితే మనిషిని కాపాడుతున్నామో అవమానిస్తున్నామో చెప్పి చెయ్యాలి. చెప్పకుండా చేస్తే ముసలి ప్రాణం కుమిలిపోతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2020 మార్చి 19న ప్రధాని మోదీ టీవీలో మాట్లాడుతూ 60, 65 ఏళ్లు దాటినవాళ్లు కొన్ని వారాలు ఇల్లు కదలొద్దని కోరారు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మే నెల మార్గదర్శకాల్లో 65 దాటినవాళ్లు, దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, 10 ఏళ్లలోపు పిల్లలు అత్యవసరమైతే తప్ప ఇంట్లోనే ఉండాలని రాశారు.

అది మనకు ఏ టైము? రబీ కోతలు. వరి, మొక్కజొన్న, మిరప అన్నీ చేల మీద, కళ్లాల్లో. మార్చి 27న కేంద్రం వ్యవసాయ పనులకు, కోత మిషన్లకు మినహాయింపు ఇచ్చింది. మంచిదే. కానీ ఆలోచించండి, మన ఊళ్లల్లో పొలం చేసేది ఎవరు? పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో. చేలో ఉన్నది యాభై, అరవై, డెబ్భై ఏళ్లవాళ్లే. ఒక కాగితం ముసలివాళ్లను ఇంట్లో ఉండమంది, ఇంకో కాగితం రైతును కోతకు పొమ్మంది. రెండూ ఒకే మనిషికి వచ్చాయి.

ఇంటి సంగతి ఇంకోటి. 2011 లెక్కల ప్రకారం దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒక్క గదిలో ఉంటున్నాయి. అవ్వ ఏ గదిలో విడిగా ఉండాలి? 2020 అక్టోబరులో ముగ్గురు పేరున్న శాస్త్రవేత్తలు అమెరికాలో గ్రేట్ బారింగ్టన్ అనే ఊళ్లో ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. బలహీనులను మాత్రం గట్టిగా కాపాడండి, మిగతావాళ్లను మామూలుగా బతకనివ్వండి అని. ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు అది కుదరదన్నారు. వాళ్ల వాదనలు వాళ్లవి. మన ఇంటి లెక్కలో చూస్తే మాత్రం, కొడుకు మార్కెట్ యార్డుకు పోయి వచ్చి అదే పంచలో పడుకుంటాడు, మనవడు అవ్వ పక్కనే పడుకుంటాడు. ఊళ్లో జబ్బు పారుతుంటే ఒక్క మంచాన్ని పొడిగా ఉంచడం కష్టం. అందుకని ముసలివాళ్లను కాపాడటం ముసలివాళ్ల పని మాత్రమే కాదు. బయట తిరిగే వయసువాళ్లు మాస్కు పెట్టుకోవడం, ఒళ్లు బాగోకపోతే ఆగిపోవడం కూడా అందులో భాగమే.

మన దేశంలో మోసుకెళ్లి ఇచ్చిన ఉదాహరణలూ ఉన్నాయి. కేరళలో పంచాయతీలు, కుటుంబశ్రీ మహిళలు కలిసి సామూహిక వంటశాలలు పెట్టి ఇళ్లకు అన్నం పంపారు. ఆంధ్రాలో వాలంటీర్లు ఒకటో తారీకున పింఛను 2,250 రూపాయలు ఇంటి దగ్గరే ఇచ్చారు. పార్టీల గొడవ పక్కన పెట్టండి. పింఛను కోసం లైన్లో నిలబడే పని లేకపోతే, ఒక ముసలమ్మకు గడప దాటాల్సిన కారణం ఒకటి తగ్గినట్టే. ఇంట్లో ఉండమని పదిసార్లు చెప్పేకంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఈమ్ ఊరి రాయి నుంచి ఇక్కడిదాకా నాకు కనపడేది ఒకటే. లోపల ఉండమని అడిగే హక్కు, బయటి నుంచి తెచ్చి ఇచ్చేవాళ్లకే ఉంటుంది. తెచ్చే ఏర్పాటు లేకుండా అడిగితే, పేదవాళ్లు ఆ మాట వినలేరు. వినాలని లేక కాదు, పూట గడవక.

కాబట్టి జబ్బు లేని ఈ రోజుల్లోనే మనం చెయ్యగలిగినవి రాస్తున్నా. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరు, ఎవరు ఏ మాత్ర వేసుకుంటారు, వాళ్ల పిల్లల ఫోన్ నంబరేంటి, ఒక నోటుబుక్కులో రాసి ఆశా కార్యకర్తతో కలిసి ఉంచుకోండి. ఇంగ్లండుకు వారాలు పట్టిన పని మన వీధికి ఒక్క సాయంత్రం. నెలకు సరిపడా మందులు తెచ్చే మనిషిని అనుకోండి. పెద్దాయన పొలానికి పోలేకపోతే ఆ రోజు నీళ్లెవరు కట్టాలి, గేదె పాలెవరు పితకాలి, బదులు మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. ఒంటి గది ఇళ్లవాళ్లకు బడి గదో, కల్యాణ మండపమో ఇవ్వడానికి పంచాయతీలో ఒక మాట అనుకోండి. అన్నిటికంటే ముందు, ఆ పెద్దవాళ్లనే కూర్చోబెట్టి మీకేం కావాలి అని అడగండి.

2020లో, 21లో మీ ఊళ్లో పెద్దవాళ్లకు అన్నం, మందులు ఎవరు తెచ్చి ఇచ్చారు? వీధివాళ్లా, సంఘం ఆడవాళ్లా, కుర్రాళ్లా? కింద రాయండి. ఇంకో ఊరికి పనికొస్తుంది. ఉంటాను.